ఏడో నంబరు దారం

కొత్తవాడ, వరంగల్
12 అక్టోబరు 2024

చెల్లె ఆయేషాకు,

అల్లా నిన్ను నీళ్ల మీదా, నీళ్ల లోపలా చల్లగా చూడాలి.

ఫోన్లో నీ మాట సగం గాలికి పోతున్నది, సగం సముద్రానికి. నువ్వు అరవడం, నేను "ఏమన్నవ్?" అనడం, ఇంతలో కట్ కావడం. అందుకే ఇది. ఓడ వారానికోసారి వస్తుందన్నావు. నాకు తొందర లేదు.

ఇక్కడ అంతా బాగే. మగ్గం మీద పన్నెండడుగుల దర్రీ ఉంది, ఏదో ఫంక్షన్ హాల్లో నేల మీద పరవడానికట. ఎడమ పక్క నేను, కుడి పక్క సమ్మక్క. ఇరవై ఏళ్లుగా ఒకే మగ్గం మీద కూర్చుంటున్నాం, ఆమె నోరు మాత్రం ఇంకా అలిసిపోలేదు. నీ సంగతి అడిగి నవ్వుతున్నది.

"చేపను సూడంగనే ఇది బొచ్చె, ఇది రవ్వు అని నేను జెప్త. మీ చెల్లెకు రెండేండ్ల సంది ఇంక తెలుస్తలేదా?" అంటున్నది.

దీనికి జవాబు నువ్వు రాయి.

నీ అక్క
షహజాదీ


లక్షద్వీప్
2 నవంబరు 2024

అక్కకు సలాం. సమ్మక్కకు నమస్తే, కొంచెం కోపంతో.

సమ్మక్కతో చెప్పు. బొచ్చె, రవ్వు వేరువేరని ఎవరైనా చెబుతారు. అక్కచెల్లెళ్ల లాంటి రెండు చేపలను పక్కపక్కన పెట్టి, ఇవి రెండా ఒకటా అంటే అప్పుడు తెలుస్తుంది కష్టం.

ఇక్కడ పగడపు దిబ్బల మధ్య సీతాకోక చేపలుంటాయి. అరచేయంత ఉంటాయి, పళ్లెంలా పలచగా. ఎప్పుడూ జంటగా తిరుగుతాయి. వాటిలో ఒక రకం నా చేతికొచ్చింది. దీవికి ఉత్తరం పక్క ఒకలా ఉంది, దక్షిణం పక్క ఇంకోలా. వెన్ను మీది ముళ్లు లెక్కపెట్టాను, రెండింటికీ పదమూడే. పొలుసుల వరసలు లెక్కపెట్టాను, అవీ సమానమే. తేడా అంతా తోక అంచు రంగులో ఉంది.

ఆ రంగును పట్టుకోవడమే కష్టం. నీళ్లలో ఫొటో తీస్తే నీలం అన్ని రంగులనూ తినేస్తుంది. స్పిరిట్‌లో వేస్తే చేప వారంలో తెల్లబడుతుంది. అందుకని బతికున్న చేపను పడవలోకి తీసి, ఒక్క నిమిషంలో రంగు చూసి, మళ్లీ వదిలేయాలి. దానికి ఏం వాడుతున్నానో తెలుసా? నేను వచ్చే రోజు నువ్వు చుట్టిచ్చిన అట్ట. పసుపు నుంచి ఇటుక రంగు దాకా పన్నెండు దారాలు. చేప పక్కన అట్ట పెట్టి, ఏ దారంతో కలిస్తే ఆ నంబరు రాసుకుంటాను. మా గైడ్ ప్రేమలత మేడం మొదట నవ్వారు. తర్వాత ఒకరోజు వచ్చి కళ్లారా చూసి, "ఫ్యాక్టరీ రంగుల కార్డు కంటే నయంగా ఉందమ్మా, కానివ్వు" అన్నారు.

వచ్చిన ఏడాది ఉత్తరం పక్క అరవై నాలుగు చేపలు చూశాను. అన్నీ ఏడో నంబరు. నడుమ ఏడాది కాగితాల పనికే సరిపోయింది. ఈ ఏడాది దక్షిణం చూస్తున్నాను. ఇప్పటికి నలభై, అన్నీ ఎనిమిదో నంబరు. ఒక్కటి కూడా తప్పలేదక్కా.

ఇవి రెండు జాతులని తేలితే ఒకటి లోకానికి కొత్త. మార్చి ఆఖరుకు పేపర్ పంపాలి. అది నిలబడితే నా ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు నడుస్తుంది. నిలబడకపోతే జూన్‌లో మూటాముల్లె సర్దుకోవడమే.

దువా చెయ్యి. పేరు పెట్టి చెయ్యి. "ఉత్తరం చేప, దక్షిణం చేప" అని అడుగు.

ఆయేషా


కొత్తవాడ
24 నవంబరు 2024

ఆయేషాకు దువా.

నీ ఉత్తరం సమ్మక్కకు చదివి వినిపించాను. "పదమూడు ముండ్లు లెక్కవెట్టిందా, చేతికి గుచ్చుకోలే?" అన్నది. తర్వాత ఆ ముక్క మళ్లీ చదవమన్నది. అది నీకు పెద్ద సర్టిఫికెట్ అనుకో.

ఒకటి చెబుతాను. మా ఇద్దరి నేత బయటివాళ్లకు ఒకటే. నాకు మాత్రం దర్రీ తిప్పేసినా తెలుస్తుంది. సమ్మక్క ఇనుప పళ్ల పంజాతో పోగును గట్టిగా దించుతుంది. ఆమె పక్క పేక దగ్గరగా కూర్చుంటుంది, నా పక్క అర వేలు ఎత్తు ఎక్కువ వస్తుంది. అయినా దర్రీ ఒకటే. రెండు చేతులు పడ్డంత మాత్రాన రెండు దర్రీలు కావు. నీ చేపల సంగతి నాకు తెలియదు. ఊరికే రాశాను.

చేప కోసం దువా చేయడం నాకు కొత్త. రాత్రి ఇషా నమాజు తర్వాత అడిగాను. ఉత్తరం, దక్షిణం అని నువ్వన్నట్టే అడిగాను.

షహజాదీ


లక్షద్వీప్
15 డిసెంబరు 2024

అక్కా, సలాం.

రెండు పక్కల చేపల కండ ముక్కలు డీఎన్‌ఏ పరీక్షకు పంపాం, నీకు రాయలేదు. జవాబు వచ్చింది. తేడా చాలా తక్కువట. ఈ మధ్యనే విడిపోయిన జాతులైతే ఇట్లాగే ఉంటుందట, ఒకే జాతి అయినా ఇట్లాగే ఉంటుందట! తేల్చాల్సింది మీరే అన్నారు. ప్రేమలత మేడం రెండు రోజులు ఆలోచించి, "రంగు మీదే నిలబడాలి ఆయేషా. నీ రంగు గట్టిదేనా?" అని అడిగారు. గట్టిదే మేడం అన్నాను.

ఎందుకు గట్టిది కాదు? నూట పన్నెండు చేపలు అయ్యాయి ఇప్పటికి. అట్ట తీసి చూస్తే ఏడో దారం నిమ్మపండు పసుపు, ఎనిమిదోది నారింజ. పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా తేడా చెబుతారు. ఏడుకూ ఎనిమిదికీ మధ్య పొరపాటు పడే వీలే లేదు.

పడవ నడిపే ముత్తుకోయకు కూడా నంబర్లు వచ్చేశాయి. నేను చేపను పట్టుకోగానే "ఎట్టు!" అని అరుస్తాడు. వాళ్ల భాషలో ఎనిమిది. అట్ట ఎప్పుడూ పడవలోనే ఉంటుంది, అతను కూర్చునే చోట మేకుకు వేలాడుతూ. దానికి దండం పెట్టి పడవ తీస్తున్నానని ఎగతాళి చేస్తాడు.

నువ్వు రాసిన దర్రీ మాట మేడంకు చెప్పాను. "మీ అక్కను రివ్యూయర్‌గా వేసుకోవద్దు, మన పేపర్ బయటికి రాదు" అన్నారు.

చలి ఎట్లా ఉంది? ఇక్కడ చలి అన్న మాటే లేదు.

ఆయేషా


కొత్తవాడ
6 జనవరి 2025

ఆయేషాకు దువా.

ఏడో దారం నుంచి బొటనవేలంత ముక్క తెంపి పంపు. వచ్చే ఓడకే పంపు.

చలి బాగానే ఉంది.

షహజాదీ


లక్షద్వీప్
30 జనవరి 2025

అక్కా, సలాం.

ఇంత పొడుగు ఉత్తరం రాసి అలిసిపోయి ఉంటావు, విశ్రాంతి తీసుకో.

దారం ఇందులో పెట్టాను. ఎందుకో రాయలేదు. పాత దర్రీకి అతుకు వేయడానికైతే పొడవు చాలదు చూసుకో.

పేపర్ చిత్తుప్రతి అయింది. మేడం మూడుసార్లు దిద్దారు. కొత్త చేపకు పేరు కూడా పెట్టాం. ఇప్పుడు చెప్పను. అచ్చయ్యాక చూపిస్తాను. నువ్వు అద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం చదువుతుంటే ఎదురుగా కూర్చుని చూడాలని ఉంది.

మార్చి ముప్పై ఒకటి. మర్చిపోకు.

ఆయేషా


కొత్తవాడ
17 ఫిబ్రవరి 2025

ఆయేషాకు దువా.

దారం అందింది.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బండ్లు మొదలైనయి. మన సందులోకి కూడా ఘాటు వస్తున్నది. సమ్మక్క తుమ్ముతూ పేక దించుతున్నది, వరస తప్పుతున్నది. పన్నెండడుగుల దర్రీ దించేశాం. వచ్చే నెల మొదట్లో రంజాన్. దీవిలో తెల్లారకముందే సహరీకి నిన్ను ఎవరు లేపుతారు?

పేరు గురించి రాశావు. తొందరపడకు.

షహజాదీ


లక్షద్వీప్
2 మార్చి 2025

అక్కా,

రంజాన్ ముబారక్. ముత్తుకోయ భార్య లేపుతుంది, తలుపు విరిగేలా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మిర్చి ఉంది, తుమ్ము ఉంది. దారం ఎందుకడిగావో లేదు. "తొందరపడకు" అని ఉంది. మూడో ఏడు నడుస్తున్నదక్కా. ఇది తొందర అంటారా?

నీ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు నా జ్వరం ఎక్కువైనప్పుడల్లా నువ్వు వాతావరణం గురించి మాట్లాడేదానివి. ఏమైంది? ఒంట్లో బాగాలేదా? కళ్లా? దవాఖానకు పోయావా?

నెలాఖరు లోపల రాయి. పేపర్ పంపేశాక నాకు తీరికే.

ఆయేషా


కొత్తవాడ
13 మార్చి 2025

చెల్లె ఆయేషాకు,

నాకు ఏమీ కాలేదు. కళ్లు బాగున్నాయి. బాగున్నాయి కాబట్టే ఇది రాయాల్సి వచ్చింది.

ఏడో దారం నిమ్మపండు పసుపని నువ్వు డిసెంబరులో రాశావు. నేను ముంచింది నిమ్మపండు కాదు. పండిన నారింజ. ఎనిమిదోది అంతకంటే ఒక్క పిసరు ఎరుపు. ఏడుకూ ఎనిమిదికీ తేడా నేను కూడా వెలుతురులో పెట్టి చూస్తే గానీ చెప్పలేను. చిన్నపిల్లలు చెప్పగలిగే తేడా కాదు అది.

మన అబ్బా రంగులు ముంచే కాలం నుంచీ ఇంట్లో ఒక అలవాటుంది, నీకు తెలుసు. రంగు ముంచిన ప్రతిసారీ ఒక దారం ముడి నమూనాల పుస్తకంలో కట్టి, తారీకు రాసి పెట్టెలో పెడతాం. మళ్లీ అదే రంగు కావాలంటూ ఎవరైనా వస్తే చూసుకోవడానికి. నువ్వు పోయిన రోజు పన్నెండు ముడులు కట్టాను. ఏడో ముడి పుస్తకంలో ఇప్పటికీ నారింజ రంగులోనే ఉంది. చీకట్లో ఉంది కదా.

ఆ ముడి నుంచి సగం తెంపి జనవరి మొదట్లో డాబా మీద తీగకు కట్టాను. పక్కనే ఆరో దారం, ఎనిమిదో దారం కూడా కట్టాను. రెండు నెలలు. ఆరు, ఎనిమిది కదలలేదు. ఏడు వెలిసిపోయింది. నువ్వు పంపిన ముక్క కంటే ఇంకా కొంచెం ముదురుగానే ఉంది, కానీ దారి అదే.

ఎందుకు వెలిసిందో కూడా చెప్పాలి. ఆ రోజు సాయంత్రం నీ బండి. ఏడో దారపు లచ్చి ముంచబోతే పక్కా రంగు డబ్బా అడుగంటింది. తెప్పించే సమయం లేదు. ఇంట్లో కాగితప్పూలకు వాడే, ఎండకు నిలవని కచ్చా రంగు ఉంది. ఒక్క దారమే గదా, తొక్కుతారా, ఉతుకుతారా, చేప పక్కన పెట్టి చూస్తారు అనుకున్నాను. అందులో ముంచాను. నీకు చెప్పలేదు. దర్రీలో అయితే ఒక్క పోగు కూడా కచ్చా రంగు పడనివ్వను, అది నీకు తెలుసు. నీ పనిని దర్రీ కంటే తక్కువ చేశాను.

నువ్వు ఉత్తరం చేపలను చూసినప్పుడు ఏడో దారం కొత్తది. దక్షిణం చేపల దగ్గరికి వచ్చేసరికి అది పసుపైంది. అప్పుడు నారింజ చేపకు దగ్గరగా మిగిలింది ఎనిమిదే. రెండు రకాల చేపలు ఉన్నాయో లేదో నాకు తెలియదు. రెండు రకాల ఏడో దారాలు మాత్రం ఉన్నాయి.

సమ్మక్కకు చెప్పాను. మగ్గం ఆపేసింది.

"నోరు మూసుకొని ఉండు. గా పిల్ల కొలువు వోతది," అన్నది.

"అబద్ధం అచ్చైతది గదా సమ్మక్కా."

"నీ అసుంటి సత్తెకాలపోల్లతోనే లోకం నడుస్తలేదు పో. చేపొచ్చి అడుగుతదా, నన్ను గిట్ల రాసిన్రేందని?"

"చేప అడగది. అడిగెటోడు వేరే ఉన్నడు."

ఆమె పైకి చూసి పంజా పట్టుకున్నది.

మనసు తేలకపోతే చదివే ఇస్తిఖారా నమాజు మూడు రాత్రులు చదివాను. కల ఏమీ రాలేదు. మూడో రోజు తెల్లారి ఫజర్ నమాజుకు లేచేసరికి చెప్పాలనే ఉంది.

ఫోన్ రెండుసార్లు చేతికి తీసుకున్నాను. ఫోన్లో చెబితే నువ్వు "పర్లేదక్కా" అంటావు. నాకు ఆ మాట వినాలని లేదు. అందుకని స్పీడ్‌పోస్టు చేస్తున్నాను. నెలాఖరులోగా అందాలి.

పుస్తకంలో మిగిలిన సగం ముడి ఇందులో నల్ల కాగితంలో చుట్టి పెట్టాను. అసలు ఏడు అదే. ఒకసారి రెండు పక్కల చేపల దగ్గరా పెట్టి చూడు. చూసి ఏది రాయాలో నువ్వే రాయి.

షహజాదీ


లక్షద్వీప్
28 మార్చి 2025

అక్కా,

ఉత్తరం ఇరవై రెండున అందింది. ఇరవై రెండున నీకు జవాబు రాయలేదు. ఇరవై మూడున రాసి చింపేశాను. అందులో ఏముందో నువ్వు చదవకపోవడమే మంచిది.

ఇరవై నాలుగు, ఇరవై అయిదు నీళ్లలో ఉన్నాను. ఉత్తరం పక్క ఎనిమిది చేపలు, దక్షిణం పక్క ఎనిమిది. నల్ల కాగితం గొడుగు నీడలో విప్పాను. ముత్తుకోయకు ఏమీ చెప్పలేదు. దక్షిణం పక్క మొదటి చేప చేతిలోకి రాగానే అలవాటుగా "ఎట్టు" అన్నాడు. దారం పక్కన పెట్టగానే ముందుకు వంగాడు. మళ్లీ చూశాడు. "ఏళు," అన్నాడు మెల్లగా. ఏడు.

పదహారూ ఏడే.

రెండు కావక్కా. ఒకటే చేప. ఎప్పటి నుంచో పేరున్న చేపే.

ప్రేమలత మేడంకు ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం జెట్టీ చివర నిలబడ్డాను. అంతా చెప్పాక కట్ అయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను. "పేపర్ పంపకముందా, పంపినాకనా?" అన్నారు. పంపకముందే మేడం అన్నాను. "అయితే బతికాం" అన్నారు. తర్వాత, "అట్ట ఎండలో ఎందుకు వేలాడదీశావు ఆయేషా? కొత్తవాడ పిల్లవు నువ్వు" అన్నారు. ఆ ఒక్క మాట ఇంకా దిగడం లేదు.

నిజమే కదా. నువ్వు కచ్చా రంగులో ముంచావు, సరే. రెండేళ్లకు పైగా మేకుకు వేలాడదీసింది నేను. ఉతికిన దర్రీని నీడలో ఆరేయమని చిన్నప్పుడు ఎన్నిసార్లు అరిచావు నువ్వు. రోజూ చూసే దారం గనుక వెలుస్తుంటే నాకు కనబడలేదు. మొదటి ఏడాది పుస్తకం తిరగేశాను. ఉత్తరం చేపల పేజీలో నా చేతి రాతతోనే ఉంది, "ఏడు, నారింజ" అని. డిసెంబరులో నీకు నిమ్మపండు అని రాశాను. రెండూ నేనే రాశాను.

కోపం లేదని రాయను. ఉంది. ఎవరి మీదో ఇంకా తేలలేదు.

పేపర్ ఆపేశాం. ప్రాజెక్టు జూన్ దాకా. ఆ తర్వాత మేడం ఏదో ప్రయత్నం చేస్తానన్నారు. మొత్తం మళ్లీ కొలిచి, రంగు ఎట్లా మోసం చేసిందో రాస్తే అదీ ఒక పేపరే అంటున్నారు. నన్ను ఊరడించడానికో, నిజంగానో తెలియదు.

కొత్త చేపకు పెట్టిన పేరు ఇప్పుడు చెప్పొచ్చు. షహజాదీ. లాటిన్‌లో తోక తగిలించి. కాగితం మీద బాగుండేది.

ఎల్లుండో, ఆ మరునాడో ఈద్. సేమియా ఇక్కడ దొరికింది.

ఆయేషా


కొత్తవాడ
16 ఏప్రిల్ 2025

చెల్లె ఆయేషాకు,

నీ ఉత్తరం అందిన రోజు దువా మార్చాను. ఉత్తరం, దక్షిణం అనడం మానేశాను. చేప అని మాత్రం అడుగుతున్నాను.

కోపం ఉంచుకో. పోయినప్పుడే పోతుంది.

చేపకు నా పేరు అని సమ్మక్కకు చెప్పాను. "మంచిగైంది, లేకుంటే నిన్ను బజార్ల తూకమేసి అమ్మేటోల్లు," అన్నది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నది. తర్వాత చూస్తే ఇంకా తుడుచుకుంటున్నది. మిర్చి ఘాటు అన్నది. మిర్చి మార్కెట్‌కు ఆ రోజు సెలవు.

ఆ పేరు ఆ చేపకు వద్దు. దానికి ముందే ఒకటి ఉందన్నావు కదా. అది చాలు.

ఇందులో కొత్త అట్ట పెట్టాను. పన్నెండు దారాలు, అన్నీ పక్కా రంగు. ఒక్కో దారం నేను ముంచాను, సమ్మక్క పిండింది. "ఈసారి నేను కూడ కాపలా ఉన్న అని రాయి" అన్నది. రాశాను. వెనక తారీకు ఉంది. నీ జవాబు రాకముందే ముంచి, నెల రోజులు డాబా మీద ఉంచి చూసినవే. ఇంకో జత పెట్టెలో ఉంది, ప్రతి ఆర్నెల్లకు కొత్త అట్ట పంపుతాను. నువ్వు పాతది తిప్పి పంపు. రెండూ పక్కన పెట్టి చూసి రాస్తాను. నల్ల గుడ్డ సంచి కుట్టాను, చేప చేతికి వచ్చినప్పుడే తియ్యి. మేకుకు వద్దు.

అడుగున పదమూడో దారం ఒకటి ఉంటుంది. నంబరు వెయ్యలేదు. అది కచ్చా రంగు. కాగితప్పూల డబ్బాలో మిగిలిన దాంట్లోనే ముంచాను. తెలిసే పెట్టాను. దాన్ని ఏ చేప పక్కనా పెట్టకు. సంచి విప్పినప్పుడల్లా ముందు దాన్ని చూడు. అది వెలిసిన రోజు మిగతా పన్నెండింటినీ నమ్మకు, నాకు రాయి.

జూన్‌లో రావాల్సి వస్తే రా. మగ్గం మీద కుడి పక్క సమ్మక్క జరుగుతానన్నది. రాకపోతే సంచి తడవనీయకు.

నీ అక్క
షహజాదీ